లౌడన్ కౌంటీని డెమొక్రాట్ల కంచుకోట అంటే నేను ఒప్పుకోను

వర్జీనియాలోని లౌడన్ కౌంటీలో ఇల్లు కొనాలనుకుంటున్న మీరు అక్కడి ఓటర్లు ఏ పార్టీ వైపు మొగ్గుతారని అడిగారు. 2024 అధ్యక్ష ఎన్నికలో ఇక్కడ కమలా హారిస్‌కు దాదాపు 56 శాతం, ట్రంప్‌కు 40 శాతం ఓట్లు వచ్చాయి కాబట్టి డెమొక్రాట్ల కౌంటీ అని ఒక్క ముక్కలో చెప్పేవారు చాలామంది ఉన్నారు. ఈ కౌంటీలోని ఆష్‌బర్న్‌లో చాలాకాలంగా ఉంటూ, ఎన్నికలప్పుడు వలంటీరుగా పనిచేసే నాకు ఆ జవాబు సగమే నిజమనిపిస్తుంది.

1964లో లిండన్ జాన్సన్‌ను గెలిపించిన తరువాత, 2008లో ఒబామా వచ్చేదాకా ఈ కౌంటీ అధ్యక్ష పదవికి ఒక్క డెమొక్రాట్‌కూ ఆధిక్యం ఇవ్వలేదు. ఒబామా గెలిచిన మరుసటి ఏడాదే గవర్నరు ఎన్నికలో రిపబ్లికన్ బాబ్ మెక్‌డొనెల్‌ను భారీ తేడాతో నెగ్గించింది. 2011లో కౌంటీ పాలన నడిపే సూపర్‌వైజర్ల బోర్డులోని 9 స్థానాలనూ రిపబ్లికన్లకే ఇచ్చింది. 2019లో అదే బోర్డును డెమొక్రాట్లకు అప్పగించింది. 1990లో 86 వేలున్న జనాభా 2020 నాటికి 4 లక్షల 20 వేలు దాటింది. తూర్పున ఆష్‌బర్న్, స్టెర్లింగ్, సౌత్ రైడింగ్‌లలో ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) ఉద్యోగులూ, కాంట్రాక్టర్లూ, మనవంటి సాఫ్ట్‌వేర్ కుటుంబాలూ నిండాయి. పడమట పర్సెల్‌విల్ చుట్టూ ఉన్న పొలాలు, ద్రాక్షతోటల పల్లెలు మాత్రం చాలావరకు రిపబ్లికన్ల వెంటే ఉన్నాయి. వర్జీనియాలో ఓటరుగా నమోదయ్యేటప్పుడు పార్టీ పేరు చెప్పే పద్ధతి లేదు కాబట్టి, ఎవరు ఎటో తెలిసేది ఫలితాల వల్లనే.

2021 నవంబరులో గవర్నరు ఎన్నిక రోజున ఒక ప్రాథమిక పాఠశాల బయట, చట్టం చెప్పిన 40 అడుగుల గీతకు ఇవతల నిలబడి నమూనా బ్యాలెట్లు పంచుతున్నాను. మా కాలనీలోనే ఉండే విజయవాడ ఆవిడ ఒకరు స్నేహితురాలితో వచ్చారు. అంతకుముందు ఏడాది బైడెన్‌కు వేశానని ఆవిడే నాతో చెప్పి ఉన్నారు. నేను ఇచ్చిన కాగితాన్ని తీసుకోకుండా, "పార్టీ సంగతి పక్కన పెట్టండి అన్నయ్యా. బడి మూసేసి పిల్లాణ్ణి నెలల తరబడి లాప్‌టాప్ ముందు కూర్చోబెట్టారు. వాడు రెండేళ్లు కష్టపడి చదువుతున్న ప్రవేశ పరీక్షనే ఎత్తేశారు. మమ్మల్ని ఒక్క మాట అడిగారా?" అన్నారు. ఆవిడ చెప్పిన ప్రవేశ పరీక్ష, పొరుగున ఉన్న ఫెయిర్‌ఫాక్స్ కౌంటీలో మన పిల్లలూ పోటీపడి చేరే ప్రభుత్వ సైన్స్ హైస్కూలుది. గ్రీన్‌కార్డు వరుసలో ఏళ్ల తరబడి నిలిచిపోయిన స్నేహితురాలిని చూపించి, "దీనికి ఓటు లేదు. దీని కోపం కూడా కలిపి నేనే వేస్తున్నాను" అని లోపలికి వెళ్లారు.

ఆ ఎన్నికలో ఇక్కడ డెమొక్రాట్ మెకాలిఫ్‌కు 55, రిపబ్లికన్ యంగ్‌కిన్‌కు 44 శాతం వచ్చాయి. బైడెన్‌కు వచ్చిన పాతిక శాతం ఆధిక్యం ఒక్క ఏడాదిలో సగానికి పైగా కరిగిపోయింది. స్కూల్ బోర్డు సమావేశాల్లో తల్లిదండ్రుల అరుపులే దీనికి కారణమని టీవీలు చెప్పాయి కానీ, ఏ సమావేశానికీ వెళ్లని, ఎవరి మీదా అరవని ఇటువంటి తల్లులే ఆ తేడా తెచ్చారని నేను గట్టిగా నమ్ముతాను. 2025లో ఫెడరల్ ఉద్యోగాల కోతలు ఇంటింటికీ తగిలినప్పుడు అవే వీధులు గవర్నరు ఎన్నికలో డెమొక్రాట్ స్పాన్‌బర్గర్‌కు 60 శాతానికి పైగా ఓట్లు వేశాయి. ఇక్కడి ఓటరుకు పార్టీ కన్నా పిల్లల చదువు, జీతం ముఖ్యం. ఆ రెంటినీ ఎవరు కదిలించినా ఓటు కదులుతుంది.

నన్ను బాధపెట్టే విషయం మరొకటుంది. 2023లో సూపర్‌వైజర్లనూ, స్కూల్ బోర్డునూ ఎన్నుకున్న రోజున ఓటున్న మనవాళ్లలో ఎంతోమంది రానే లేదు. ఆ పదవులకు బ్యాలెట్ మీద పార్టీ పేరు కూడా ఉండదు కనుక, అభ్యర్థి ఎవరో తెలుసుకోకుండా వెళ్తే ఎవరికి వేయాలో తోచదు. ఇంటి పన్ను రేటు, బడుల సరిహద్దులు, పెరటి వెనుక లేచే డేటా సెంటరుకు అనుమతి, ఇవన్నీ నిర్ణయించేది వాషింగ్టన్ కాదు, ఈ కౌంటీలోనే కూర్చునే ఈ మనుషులే. కొన్ని ప్రాంతాల్లో బోర్డు ముందుకు రాకుండానే డేటా సెంటర్లు కట్టుకునే వెసులుబాటును 2025 మార్చిలో తీసేసింది కూడా సూపర్‌వైజర్లే. ఆంధ్ర ఎన్నికల ఫలితాలను తెల్లవార్లూ చూసే ఇళ్లలో తమ సూపర్‌వైజర్ పేరు తెలియకపోవడం నాకు మింగుడుపడదు.

కాబట్టి మీకు నచ్చిన ఇంటి చిరునామా ఏ సూపర్‌వైజర్ డిస్ట్రిక్టులోకి వస్తుందో, అక్కడ 2021లోనూ 2023లోనూ ఎవరు ఎంత తేడాతో గెలిచారో కౌంటీ ఎన్నికల కార్యాలయం ఇచ్చే ప్రిసింక్టు (పోలింగ్ కేంద్రం వారీ) ఫలితాల్లో చూడండి. అధ్యక్ష ఎన్నికల అంకెల కన్నా అవే మీకు పనికొస్తాయి. సూపర్‌వైజర్ల బోర్డుకు మళ్లీ ఎన్నిక 2027 నవంబరులో. మీకు ఓటుంటే అప్పటికి కొత్త చిరునామాతో నమోదు చేయించుకోండి.