నాలుగుసార్లు చదివినా పరీక్షలో గుర్తురాకపోతే?

ప్రశ్న: డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. క్లాసులో చెప్పిందల్లా రాసుకుంటాను. పరీక్షల ముందు ఆ నోట్సే మూడు నాలుగు సార్లు చదువుతాను. తీరా పేపర్ చేతికొచ్చేసరికి ఏదీ గుర్తురాదు. నాకు జ్ఞాపకశక్తి తక్కువా?

జవాబు: జ్ఞాపకశక్తిని అప్పుడే అనుమానించకండి. చదివిన నోట్సే మళ్లీ చదువుతుంటే ప్రతి వాక్యమూ తెలిసినట్టే ఉంటుంది, ‘ఇది వచ్చేసింది’ అనిపిస్తుంది. కానీ చూసి గుర్తుపట్టడం వేరు, చూడకుండా రాయడం వేరు. పరీక్షలో కావాల్సింది రెండోది, మీరు సాధన చేస్తున్నది మొదటిది.

2006లో రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు విద్యార్థుల మీద దీన్నే పరీక్షించారు. కొందరు పాఠాన్ని రెండుసార్లు చదివారు. మిగతావారు ఒకసారి చదివి, తర్వాత చూడకుండా గుర్తున్నంత రాశారు. ఐదు నిమిషాలకే అడిగితే రెండుసార్లు చదివినవాళ్లే బాగా చెప్పారు. వారం తర్వాత లెక్క తిరగబడింది: రాసినవాళ్లకు 56 శాతం గుర్తుంటే, చదివినవాళ్లకు 42 శాతమే మిగిలింది.

అందుకని నోట్సు రాసే తీరు కూడా మార్చండి. లెక్చరర్ మాటల వెంట చెయ్యి పరుగెడుతుంటే అర్థం చేసుకోవడానికి తీరిక ఉండదు. పేజీలో ఎడమవైపు మూడో వంతు ఖాళీగా వదిలి, కుడివైపు ముఖ్యమైనవి మాత్రం మీ మాటల్లో రాయండి. కార్నెల్ పద్ధతి అంటారే, అదే ఇది. ఆ సాయంత్రమే ఎడమవైపు ప్రశ్నలు రాయండి. ఉదాహరణకు, ఎకనామిక్స్‌లో డిమాండ్ వ్యాకోచత్వం (ధర మారితే గిరాకీ ఎంత మారుతుందనేది) పాఠమైతే ‘నిర్వచనం’ అని కాదు, ‘ధర పెరిగినా మందుల గిరాకీ ఎందుకు పెద్దగా తగ్గదు?’ అని రాయండి. తర్వాత కుడివైపు కాగితంతో మూసి, ప్రశ్న చూసి జవాబు చెప్పుకోండి. రెండు రోజుల తర్వాత ఒకసారి, వారం తర్వాత ఒకసారి మళ్లీ ఇదే. పది నిమిషాల పని.

హైలైటర్‌తో పేజీ అంతా పసుపు చేయడం నా దృష్టిలో కాలక్షేపమే.

మొదట్లో సగం జవాబులు కూడా రావు, చిరాకేస్తుంది. రానివాటి పక్కన పెన్సిల్‌తో గుర్తు పెట్టి, మర్నాడు వాటితోనే మొదలుపెట్టండి. అన్ని సబ్జెక్టులూ ఒకేసారి వద్దు. మీకు ఎక్కువ టెన్షన్ పెడుతున్నదాన్ని ముందు తీసుకోండి.