చట్టం మారాలని బొమ్మలు వేస్తానంటున్న అమ్మాయి: ఒక తల్లికి జవాబు

ప్రశ్న: మా అమ్మాయి హైదరాబాద్‌లో బీఎఫ్‌ఏ పెయింటింగ్ రెండో సంవత్సరం చదువుతోంది. అబార్షన్ విషయంలో స్త్రీల హక్కుల కోసం బొమ్మలు వేయడమే తన పని అంటోంది. దీంతో బతకగలదా?

జవాబు: అమ్మా, మీ భయం సహజమే. అయితే ఈ దారిలో మీ అమ్మాయి ఒంటరి కాదు. పోర్చుగల్‌లో అబార్షన్‌ను చట్టబద్ధం చేయాలన్న ప్రతిపాదన 1998లో ప్రజాభిప్రాయ సేకరణలో స్వల్ప తేడాతో వీగిపోయినప్పుడు, లండన్‌లో స్థిరపడిన ఆ దేశపు చిత్రకారిణి పౌలా రేగో, సగానికి పైగా ఓటర్లు పోలింగుకే రాలేదన్న ఆగ్రహంతో, చాటుగా అబార్షన్ చేయించుకునే స్త్రీల మీద పేస్టల్ (రంగు సుద్దల) చిత్రాల వరుస ఒకటి మొదలుపెట్టారు. స్కూలు యూనిఫాంలో ఉన్న పిల్ల మంచం మీద ముడుచుకుని ఉంటుంది. ఇంకో స్త్రీ బకెట్ మీద కూర్చుని ఉంటుంది. ఎక్కడా నెత్తురు కనిపించదు కనుక చూసేవారికి ముఖం తిప్పుకునే సాకు దొరకదు. ఒకే పలక నుంచి అనేక ప్రతులు తీయవచ్చు కాబట్టి ఆమె ఆ దృశ్యాలను ఎచింగ్‌లుగా (లోహపు పలక మీద గీసి అచ్చు తీసే బొమ్మలుగా) కూడా చేశారు. చట్టం మార్పుకు దారితీసిన 2007 ఓటింగు ముందు అవి అక్కడి పత్రికల్లో అచ్చయ్యాయి. ఆ వరుస మొదలుపెట్టేనాటికి రేగో వయసు 63. అంటే దాని వెనుక నలభై ఏళ్లు సాధన చేసిన చెయ్యి ఉంది.

అందుకే అమ్మాయి ముందు బొమ్మ గీయడం పూర్తిగా నేర్చుకోవాలి. ఆవేశం ఎంత నిజమైనదైనా బలహీనమైన గీతను నిలబెట్టదు. ఆసక్తి ఉంటే హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ప్రింట్‌మేకింగ్‌లో, అంటే ఇలా అచ్చుబొమ్మలు తీసే కళలో, ఎంఎఫ్‌ఏ చేయవచ్చు. ప్రచార చిత్రాలే ఇల్లు గడుపుతాయని నేను చెప్పలేను; పుస్తకాలకు బొమ్మలు, బోధన, ఆరోగ్య ప్రచార సామగ్రి వంటి పనులు పక్కన ఉండాలి.

సంస్థల నియమాలూ తెలియాలి. డబ్లిన్‌లో ఒక కళా కేంద్రం గోడ మీద వేసిన ఇలాంటి చిత్రాన్ని, స్వచ్ఛంద సంస్థల నియంత్రణాధికారి అభ్యంతరంతో, అబార్షన్‌పై ఐర్లాండ్‌లో 2018లో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణకు నెల ముందు నీలి రంగు పూసి కప్పేయవలసి వచ్చింది.

అన్నిటికంటే ముఖ్యం మన చట్టం. ఇక్కడ 1971 నుంచే షరతులతో అబార్షన్ చట్టబద్ధం. 2021 సవరణ కొన్ని వర్గాల స్త్రీలకు గడువును 24 వారాలకు పెంచింది. స్కానింగ్ సెంటర్ల బోర్డులు నేరమని చెప్పేది లింగ నిర్ధారణను. ఈ రెంటినీ కలిపేసి ప్రతి అబార్షన్‌నూ భ్రూణహత్య అనే అలవాటు మనలో బలంగా ఉంది. ఆ తేడా తెలియకుండా వేసిన పోస్టర్, సాయం కావలసిన స్త్రీనే భయపెడుతుంది. కాబట్టి ఈ సెలవుల్లో ఒక న్యాయవాదితోనూ, ఒక గైనకాలజిస్టుతోనూ మాట్లాడి రమ్మనండి. వీలైతే మీరూ తోడు వెళ్లండి.