మూడు వారాలకే మందు మార్చొద్దు

చర్మ సంరక్షణ: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: నా వయసు 19, డిగ్రీ రెండో సంవత్సరం. బుగ్గల మీద, నుదుటి మీద మొటిమలు. మందుల షాపులో అడిగితే బెంజాయిల్ పెరాక్సైడ్ 5 శాతం జెల్ ఇచ్చారు. మూడు వారాలుగా పొద్దున, రాత్రి రాస్తున్నాను. తగ్గకపోగా మొహం ఎర్రబడి ముక్కు పక్కన, నోటి మూలల్లో పొట్టు లేస్తోంది. కొత్తవీ వస్తున్నాయి. ఇంకో ఐదు వారాల్లో అక్క పెళ్లి. ఈ మందు నాకు పడలేదేమో, వేరేది కొనుక్కోనా?
– ఒక పాఠకురాలు, పటమట, విజయవాడ

జవాబు: కొనొద్దు. మీ చేతిలో ఉన్నది సరైన మందే. దాన్ని రాసే తీరు మార్చుకోవాలి, దానికి ఇవ్వాల్సిన గడువు ఇవ్వాలి.

ముందు గడువు సంగతి. ఇవాళ అద్దంలో కనబడిన మొటిమ నిన్న రాత్రి పుట్టింది కాదు. రోమకూపం మూతి దగ్గర రాలిపోవాల్సిన చర్మకణాలు జిడ్డుతో కలిసి బిరడాలా బిగుసుకుంటాయి. అప్పటికి అది కంటికి ఆనదు. దాని వెనక జిడ్డు పేరుకుని, అందులో సూక్ష్మజీవులు పెరిగి, ఎర్రగా ఉబ్బి పైకి తేలేసరికి వారాలు గడుస్తాయి, ఒక్కోసారి రెండు నెలలు పడుతుంది. అంటే ఈ మూడు వారాల్లో మీకు లేచినవి చాలావరకు ట్యూబు మూత తీయకముందే లోపల తయారై ఉన్నవి. వాటిని మందు ఖాతాలో వేయకండి.

బెంజాయిల్ పెరాక్సైడ్ రోమకూపంలోకి దిగి ఆక్సిజన్‌ను విడుదల చేస్తుంది. మొటిమల సూక్ష్మజీవికి ఆ ఆక్సిజన్ గిట్టదు, చచ్చిపోతుంది. యాంటీబయాటిక్ జెల్స్ ఒంటరిగా నెలల తరబడి రాస్తే సూక్ష్మజీవి వాటికి అలవాటుపడిపోతుంది కానీ, దీనికి అలవాటుపడదు. అందుకే దీన్ని వదులుకోవద్దని అంత గట్టిగా చెబుతున్నాం. మొదటి రెండు మూడు వారాలు మంట, పొట్టు ఎక్కువ, ఫలితం తక్కువ. నాలుగు నుంచి ఆరో వారంలో కొత్తగా వచ్చేవి తగ్గాలి. అసలు తీర్పు 12 వారాల దగ్గర. పెళ్లినాటికి మీరు ఎనిమిదో వారంలో ఉంటారు, తేడా కనిపించే సమయమే అది.

ఇక రాసే తీరు. 5 శాతాన్ని మొదటి రోజు నుంచే రెండు పూటలా రాయడం వల్లే ఈ పొట్టు. 2.5 శాతం జెల్ మొటిమల మీద దాదాపు 5 శాతం అంతే పనిచేస్తుంది, చికాకు మాత్రం తక్కువ. దొరికితే అదే తీసుకోండి. ముందు మూడు నాలుగు రోజులు, ఎరుపు చల్లారేదాకా, పూర్తిగా ఆపండి. ఆ రోజుల్లో గాఢత తక్కువ ఉన్న ఫేస్‌వాష్, మాయిశ్చరైజర్, ఇంకేమీ వద్దు. తర్వాత రోజు విడిచి రోజు, రాత్రి ఒక్కపూటే రాయండి. రెండు వారాలు మంట లేకుండా గడిస్తే రోజూ రాత్రికి మారండి. దానితో తగ్గుతుంటే పొద్దుటి పూట అక్కర్లేదు.

మొహం కడుక్కున్న వెంటనే తడి మీద రాయకండి. తడి చర్మంలోకి మందు ఎక్కువగా దిగి మండుతుంది. మెత్తటి గుడ్డతో అద్ది, పావుగంట ఆగండి. చూపుడు వేలి చివరి కణుపు మీద సగం పొడవు గీత గీసినంత జెల్, అంటే శనగగింజంత, మొహం మొత్తానికి చాలు. అది సుమారు పావు గ్రాము. రోజుకు ఒకసారి లెక్కన 15 గ్రాముల ట్యూబు రెండు నెలలు రావాలి. మీది మూడు వారాల్లోనే ఖాళీ అయ్యుంటే ఎక్కడ తప్పు జరిగిందో అర్థమైనట్టే. ఆ గింజంతను నుదుటి మీద, రెండు బుగ్గల మీద, గడ్డం మీద చుక్కలుగా పెట్టి పల్చగా పరచండి. కనబడే మొటిమ మీద మాత్రమే అద్దితే పక్కన లోపల తయారవుతున్నవి అలాగే ఉండిపోతాయి. కళ్ల చుట్టూ, పెదవుల మూలలు, ముక్కు పక్క మడతలు వదిలేయండి. ఆ మడతల్లో ముందే కాస్త వాజలీన్ రాస్తే మందు అటు పారదు. జెల్ ఆరాక మాయిశ్చరైజర్. మొహం జిడ్డుగా ఉంది కదా, అది ఎందుకని మానేసేవాళ్లే ఎక్కువ మంది మధ్యలో మందూ మానేస్తారు. డబ్బా మీద నాన్ కొమెడోజెనిక్ అని ఉన్నది తీసుకోండి, రంధ్రాలు పూడవు.

ఇంత చేసినా మండితే రాసిన పది నిమిషాలకు కడిగేయండి. అలా కడిగేసినా మందు పనిచేస్తుంది. కొన్నాళ్లకు చర్మం అలవాటుపడ్డాక రాత్రంతా ఉంచుకోవచ్చు.

పెళ్లి విషయంలో మా భయం మొటిమల గురించి కాదు, నలుగు గురించి. పెళ్లికూతురితో పాటు ఇంట్లో ఆడపిల్లలందరికీ సున్నిపిండితో నలుగు పెడతారు. పొట్టు లేస్తున్న మొహం మీద ఆ పిండి రుద్దితే గీరుకుపోయి, మానాక నల్లటి మచ్చలు మిగులుతాయి. చేతులకు, కాళ్లకు పెట్టించుకోండి. మొహానికి పసుపు బొట్టు పెట్టి వదిలేయమని పెద్దవాళ్లకు ముందే చెప్పండి. పార్లర్లో బ్లీచ్, స్క్రబ్ వద్దు. పెళ్లికి వారం ముందు కొత్త క్రీము ఏదీ మొదలుపెట్టకండి. పగలు బయటికెళ్తే ఎస్‌పీఎఫ్ 30 సన్‌స్క్రీన్ తప్పనిసరి.

ఒక హెచ్చరిక. పొట్టు, కొద్దిపాటి మంట మామూలే. కనురెప్పలు, పెదవులు వాచడం, దద్దుర్లు, ఊపిరి ఆడకపోవడం మామూలు కాదు. అవి ఎలర్జీ లక్షణాలు, వెంటనే కడిగేసి ఆసుపత్రికి వెళ్లాలి. ఈ మందు కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ముందు మూడు రోజులు ఒకటి రెండు చోట్ల కొద్దిగా రాసి చూసుకోవడం మంచిది.

ఇంకో మాట. ప్రతి ఆదివారం పొద్దున అదే కిటికీ దగ్గర, అదే వెలుతురులో ఫొటో తీసుకోండి. ఆ వారం కొత్తగా వచ్చిన ఉబ్బెత్తు మొటిమలు మాత్రమే లెక్కపెట్టి తేదీ పక్కన రాసుకోండి. పాత మచ్చలు లెక్కలోకి రావు. రోజుకు పదిసార్లు అద్దం చూస్తే తగ్గుతున్నదీ తెలియదు, పెరుగుతున్నదీ తెలియదు.

ప్రశ్న: గుంటూరు మిర్చి యార్డులో ఒక కమిషన్ షాపులో గుమస్తాను. వయసు 26. రాత్రి పెరాక్సైడ్ జెల్ రాసుకుంటే పగలు యార్డులో మొహం భగ్గుమంటోంది. ఇది మందు మంటా, మిరప ఘాటా? నుదుటి మీద, ఛాతీ మీద సన్నగా, దురదగా పొక్కులున్నాయి. రెండు నెలలుగా రాస్తున్నా అవి కదలడం లేదు.
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: రెండూ. మందు వల్ల చర్మం పైపొర ఎండి సన్నగా పగులుతుంది, మిరప ధూళి ఆ పగుళ్లలోకి దిగుతుంది. కాయలు బాగా దిగే ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా మీరు రాత్రంతా ఉంచే పద్ధతి మానేసి, పది నిమిషాలు ఉంచి కడిగేయండి. పొద్దున యార్డుకు వెళ్లేముందు మాయిశ్చరైజర్ పల్చగా రాయండి, అది ధూళికి అడ్డం. మిరపలోని కారం నీళ్లలో కరగదు, నూనెలో కరుగుతుంది. టిక్కీలో (మిర్చి బస్తాలో) చెయ్యి పెట్టి కాయ చూశాక చేతులకు ముందు కాస్త వంటనూనె రుద్ది, తర్వాత సబ్బుతో కడగండి. నూనె చేతులకే, మొహానికి కాదు. కడగని చేత్తో మొహం తుడుచుకోవడం, భుజం మీద తువ్వాలుతో చెమట రుద్దడం మానాలి. రుద్దకుండా అద్దండి, తువ్వాలు రోజూ మార్చండి.

దురద పొక్కుల విషయం వేరు. మామూలు మొటిమలు చిన్నా పెద్దా, తెల్లవీ నల్లవీ కలిసి ఉంటాయి, పెద్దగా దురద పెట్టవు. అన్నీ ఒకే సైజులో ఉండి, దురదగా, చెమట పట్టే చోట వస్తే రోమకూపాల్లో ఫంగస్ అయ్యుండొచ్చు. అది మొటిమ కాదు, దానికి ఫంగస్ మందు కావాలి. మీరు ఇంకో నెల ఓపిక పట్టి లాభం లేదు. గుంటూరు ప్రభుత్వ సర్వజనాసుపత్రి (జీజీహెచ్)లో చర్మవ్యాధుల ఓపీకి వెళ్లి చూపించండి.

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్, హాస్టల్లో ఉంటాడు. స్నేహితులిచ్చిన క్రీము రాస్తే మూడు రోజుల్లో మొటిమలు అణిగి మొహం తెల్లబడింది. మానేస్తే రెట్టింపు వస్తున్నాయి.
– ఒక తల్లి, గుణదల, విజయవాడ

జవాబు: మూడు రోజుల్లో అణిగిందంటేనే అనుమానించాలి. ట్యూబు మీద సన్న అక్షరాల్లో బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్, ఫ్లూసినోలోన్ లాంటి పేర్లున్నాయేమో చూడండి. ఇవి స్టెరాయిడ్లు. వాపును తాత్కాలికంగా నొక్కి పెడతాయి. నెలలు వాడితే చర్మం పలచబడుతుంది, ఎర్రటి నరాలు తేలతాయి, మీసాల్లా రోమాలు రావచ్చు, మానగానే మొటిమలు విరుచుకుపడతాయి. 2018లో కేంద్రం ఇలాంటి క్రీములను డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాల్సిన జాబితాలో చేర్చింది. ట్యూబు వెంట తీసుకుని ఈ వారమే చర్మవైద్యుడికి చూపించండి. చాలాకాలంగా రాస్తుంటే ఎలా మానాలో ఆయనే చెబుతారు. ఇదొక్కటీ ఆలస్యం చేయకండి.

ప్రశ్న: మూడు నెలలు పెరాక్సైడ్ జెల్ రాశాక కొత్త మొటిమలు ఆగాయి. మచ్చలు మాత్రం ఉన్నాయి. ఇక ఆపేయొచ్చా?
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: ఒక్కసారిగా ఆపితే కొన్ని వారాల్లో మళ్లీ మొదలవుతాయి. రోజు విడిచి రోజుకు తగ్గించి ఇంకొన్ని నెలలు కొనసాగించండి. నల్ల మచ్చలు మందు ఓడిపోయిన గుర్తులు కావు. మన ఛాయ చర్మంలో అవి వాడిపోవడానికి నెలలు పడుతుంది, ఎండ తగిలితే ఇంకా ఆలస్యం. సన్‌స్క్రీన్ వేసుకోండి, గిల్లకండి. నిమ్మరసం జోలికి పోకండి, అది చర్మాన్ని కాలుస్తుంది. మచ్చల బదులు గుంటలు పడుతున్నా, లోతుగా నొప్పి గడ్డలు లేస్తున్నా, నెలసరి తప్పుతూ గడ్డం మీద రోమాలు వస్తున్నా షాపు మందుతో సరిపెట్టుకోకుండా డాక్టరును కలవండి.

ప్రశ్న: మా అమ్మాయి మొటిమల జెల్ రాసుకున్నప్పటి నుంచి దిండు గలీబుల మీద తెల్లటి మరకలు. ఎన్నిసార్లు ఉతికినా పోవడం లేదు.
– ఒక గృహిణి, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: అవి మరకలు కావు, రంగు పోయిన చోట్లు. పెరాక్సైడ్ రంగును తినేస్తుంది, ఉతికితే తిరిగి రాదు. రాత్రికి తెల్ల గలీబు, తెల్ల తువ్వాలు విడిగా పెట్టండి. రాశాక చేతులు సబ్బుతో కడగమనండి, లేకపోతే జుట్టు, కనుబొమల రంగూ తగ్గుతుంది. రాత్రి తలకు నూనె పెడుతుంటే అది మానాలి. నుదుటి అంచున మొటిమలకు అదే ముఖ్య కారణం కావచ్చు. నూనె పెట్టాలంటే స్నానానికి గంట ముందు పెట్టి తలంటు పోసుకోవాలి. ట్యూబును వంటింటి కిటికీలో, స్కూటీ డిక్కీలో ఉంచొద్దు. వేడికి మందు చెడి, బెంజీన్ అనే హానికర రసాయనం ఏర్పడవచ్చు. మన బెజవాడ మే ఎండల్లో మూసిన డిక్కీ లోపల ఎంత కాగుతుందో మీకు తెలుసు. ఎండ తగలని గదిలో, ట్యూబు మీద రాసిన ఉష్ణోగ్రత దాటని చోట పెట్టండి.