బాగ్రాతికి గోపురం వచ్చింది, గుర్తింపు పోయింది. ఎందుకు?

ప్రశ్న: జార్జియాలోని కుతాయిసిలో ఉన్న బాగ్రాతి కేథడ్రల్ పాత ఫోటోల్లో కప్పు లేని శిథిలంలా ఉంది, కొత్త ఫోటోల్లో గోపురంతో నిండుగా కనిపిస్తోంది. ఇంత చక్కగా కట్టాక యునెస్కో జాబితాలోంచి ఎందుకు తీసేశారండీ?

జవాబు: అలా కట్టినందుకే తీసేశారండీ. దీన్ని కట్టించిన మూడో బాగ్రాత్‌కి తల్లి వైపు నుంచి అబ్ఖాజియా రాజ్యం, తండ్రి వైపు నుంచి ఇబేరియా (జార్జియాలోని పాత రాజ్యం, స్పెయిన్ వైపుది కాదు) రాజుల వారసత్వం దక్కాయి, ముక్కలుగా ఉన్న జార్జియాని ఒక్కటి చేసిన మొదటి రాజు ఆయనే. అంత పెద్ద చర్చిని రియోనీ నది పక్కన, ఊరంతటికీ కనిపించేలా గుట్ట మీద నిలబెట్టడంలో ఆ రాజసం తెలుస్తుంది. ఉత్తరం గోడ మీది శాసనం ప్రకారం నేల పరిచింది 1003లో. మధ్యలో పెద్ద స్తంభాల మీద గోపురం, తర్వాత చేర్చిన ముఖమంటపాల్లో స్తంభాల తలల మీద చెక్కడాలు. నాకైతే అసలు అందం ఆ చెక్కడాల్లోనే ఉంది.

1692లో ఒట్టోమన్ సైన్యం పేల్చిన మందుగుండుకి గోపురం, కప్పు కూలిపోయాయి. గోడలు మాత్రం మిగిలాయి. 1950ల నుంచి వాటిని జాగ్రత్తగా నిలబెడుతూ వచ్చారు, 1994లో దగ్గర్లోని గెలాతి మఠంతో కలిపి ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది కూడా ఆ శిథిల రూపాన్నే.

తర్వాత పూర్తిగా తిరిగి కట్టాలని పని మొదలుపెట్టారు. 2010లో యునెస్కో దీన్ని ప్రమాదంలో ఉన్న కట్టడాల జాబితాలో పెట్టినా పని ఆగలేదు, 2012కల్లా కొత్త గోపురం లేచింది, పడమటి వైపు కొంత భాగం ఉక్కు, గాజుతో వచ్చింది. పాత గోడలకీ కొత్త కట్టడానికీ మధ్య కట్టడం అసలు స్వరూపమే పోయిందని 2017లో బాగ్రాతిని తీసేసి, గెలాతిని మాత్రం ఉంచారు.

ప్రార్థన చేసుకునేవాళ్లకి కప్పున్న చర్చి కావాలి, అది న్యాయమైన కోరికే. కానీ మూడు వందల ఏళ్లు ఆకాశం కింద నిలబడ్డ ఆ గోడలు కూడా ఈ చర్చి చరిత్రేనని, వాటిని అలాగే కాపాడుతూ పూజకి వేరే ఏర్పాటు చేసి ఉండాల్సిందని నా గట్టి అభిప్రాయం. మీరు వెళ్తే మాత్రం గోపురం దగ్గరే ఆగిపోకుండా గోడల్లో పాత రాయి ఎక్కడ ముగిసి కొత్త రాయి ఎక్కడ మొదలైందో వెతకండి, దక్షిణం వైపు ముఖమంటపంలో కాసేపు నిలబడండి, వీలుంటే అదే రోజు గెలాతికి కూడా వెళ్లిరండి.