అండం మాత్రలకు ముందు ఆ రెండు రక్తపరీక్షలు చేశారా?

పెళ్లయి మూడేళ్లయింది, నెలసరి రెండు మూడు నెలలకోసారి వస్తోంది, అండం ఎదగడానికిచ్చే క్లోమిఫిన్ మాత్రలు నాలుగు నెలలు వాడినా అండం పెరగలేదు, ఇక ఐవీఎఫ్‌కే వెళ్లాలా అని అడిగారు. తొందరపడకండి అండీ. థైరాయిడ్, ప్రొలాక్టిన్ (బాలింతకు పాలు పట్టించే హార్మోను) పరీక్షలు చేశారా? మీరు రాసినదాంట్లో ఆ రెండు పేర్లూ కనబడలేదు.

మాది పాలకొల్లు పక్క పల్లె. నాకూ ఇలాగే అయింది. వేడి చేసిందని మా అత్తగారు రోజూ కొబ్బరినీళ్లు తాగించేవారు. మొదట చూపించుకున్నచోట రక్తపరీక్ష లేకుండానే మాత్రలు రాశారు. మూడు నెలలూ స్కానింగులో ఫాలికల్ (అండం ఎదిగే చిన్న సంచి) 10 మిల్లీమీటర్లు దాటలేదు. అండం విడుదల కావాలంటే 18, 20 దాకా ఎదగాలి.

తర్వాత భీమవరంలో ఒక మేడమ్‌గారు స్కానింగు కాగితాలు పక్కనపెట్టి, "జాకెట్టు ఎప్పుడైనా తడుస్తుందామ్మా?" అన్నారు. పాలలాంటిది కారి తడిసేది. ఎవరితో చెప్పుకోవాలో తెలీక ఏడాదిగా లోపల చేతిరుమాలు మడిచి పెట్టుకుంటున్నాను. రోజూ వేసుకునే మందులేంటంటే, గ్యాస్ మాత్ర తప్ప ఏమీ లేవన్నాను. ఆ స్ట్రిప్పు అడిగి తీసుకుని వెనక్కి తిప్పి చదివారు. పాంటోప్రజోల్, డోంపెరిడోన్. ఈ రెండోది ప్రొలాక్టిన్‌ను పెంచుతుందట! రెండేళ్లుగా పరగడుపున అదే మింగుతున్నాను.

రిపోర్టులో ప్రొలాక్టిన్ 68 వచ్చింది, 25 లోపు ఉండాలి. థైరాయిడ్ పరీక్ష టీఎస్‌హెచ్ 11, అంటే థైరాయిడ్ తగ్గిందన్నమాట. థైరాయిడ్ తగ్గినా ప్రొలాక్టిన్ పెరుగుతుంది. ప్రొలాక్టిన్ ఎక్కువైతే మెదడు నుంచి, దాని అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథికి అందే కబురు తగ్గి, అండాన్ని పెంచే ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్ హార్మోన్లు పడిపోయి అండం ఎదగదు. పాలిచ్చే తల్లికి నెలసరి ఆలస్యమయ్యేదీ అందుకే.

గ్యాస్ మాత్ర మార్చి, థైరాయిడ్ మాత్ర థైరాక్సిన్ 50 మైక్రోగ్రాములు మొదలుపెట్టారు. మూడు నెలలకు ప్రొలాక్టిన్ 17కి దిగింది, నెలసరి 33వ రోజున వచ్చింది. ఆ రోజు నేను ఏడ్చేశానండీ. మరో ఆరు నెలలకు నెల తప్పింది.

అప్పటికీ ప్రొలాక్టిన్ దిగకపోతే దాన్ని తగ్గించే కాబర్గోలిన్ మాత్ర ఇస్తారు, పిట్యూటరీలో గడ్డ ఉందేమోనని ఎంఆర్ఐ తీయిస్తారు. థైరాయిడ్, ప్రొలాక్టిన్ రెండూ మామూలుగానే ఉంటే పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో అండం సరిగా విడుదల కాని సమస్య) కావచ్చు. దానికిప్పుడు క్లోమిఫిన్ కంటే ముందు లెట్రోజోల్ అనే అండం మాత్ర రాస్తున్నారు. బరువు ఎక్కువుంటే 5 శాతం తగ్గినా నెలసరి దారిలో పడొచ్చు. మీవారి వీర్యపరీక్ష కూడా ఇప్పుడే చేయించండి.

మానసిక వైద్యానికి వాడే కొన్ని మందులూ ప్రొలాక్టిన్‌ను పెంచుతాయి. అలాంటివి వాడుతుంటే సొంతంగా మాత్రం ఆపకండి, డాక్టరుగారికి చెప్పండి. ఈసారి వెళ్లేటప్పుడు ఇంట్లో మీరు మింగే ప్రతి మాత్ర స్ట్రిప్పూ సంచిలో వేసుకెళ్లండి, గ్యాస్ మాత్రతో సహా.