తెర మీద తళతళ, కాగితం మీద మసక

ప్రశ్న: మాది తిరుపతి, బైరాగిపట్టెడ. మా పాప ఓణీల ఫంక్షన్ ఫొటోలు ఇంట్లో ఇంక్‌జెట్ ప్రింటర్‌లో తీస్తే మసకగా, అడ్డగీతలతో వస్తున్నాయి. కంప్యూటర్లో బాగానే ఉన్నాయి. ప్రింటర్ మార్చేయమంటారా?

జవాబు: డబ్బులు దాచుకోండమ్మా, మార్చేంత జబ్బేం కాదు. గీతలు పడుతున్నాయంటే ఇంకు వచ్చే సన్నని రంధ్రాల్లో కొన్ని పూడుకున్నట్టే. ప్రింటర్ మెనూలో ‘నాజిల్ చెక్’ నొక్కండి. అచ్చయిన గళ్లు ఎక్కడైనా తెగి ఉంటే ‘హెడ్ క్లీనింగ్’ చేయండి. ఒకటి రెండుసార్లు చాలు, ఊరికే నొక్కుతూ పోతే ఇంకంతా దానికే అయిపోతుంది. అసలే మన తిరుపతి ఎండలు! వారానికో రంగుల పేజీ తీస్తుంటే ఇంకు ఎండిపోదు.

మసక సంగతి వేరు. ఆ ఫొటోలు వాట్సాప్‌లో వచ్చినవేనా? అది ఫొటోను కుదించి పంపుతుంది. 4×6 అంగుళాల ప్రింటులో ఓణీ జరీ అంచు తేటగా కనిపించాలంటే, అంగుళానికి 300 చుక్కల లెక్కన 1200×1800 పిక్సెల్స్ కావాలి. ఏ4కైతే 2480×3508. ఫొటోగ్రాఫర్‌ను అసలు ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లో వేసిమ్మనండి.

ఇంకోటి, ఫొటో పేపర్ పెట్టి సెట్టింగుల్లో ‘ప్లెయిన్ పేపర్’ అలాగే వదిలేసేవాళ్లే ఎక్కువ. అక్కడ పేపర్ రకం మార్చి, క్వాలిటీ ‘హై’ పెట్టండి. ప్రింటు మెరిసే వైపే పడాలి సుమా.