పానిక్ అటాక్ (ఉన్నట్టుండి ముంచుకొచ్చే తీవ్ర భయం, గుండెదడ) లక్షణాలతో వచ్చిన రోగికి నర్సు ముందు ఏం చేయాలి?

కందుకూరు, కావలి ఊళ్ల నుంచి "గుండె ఆగిపోయేలా ఉంది సిస్టర్" అంటూ వచ్చేవాళ్లను చూడగానే "ఇదంతా టెన్షనే" అనకండి. బీపీ, పల్స్, ఆక్సిజన్, షుగర్ చూసి, ఈసీజీ తీయించాకే ఆ మాట. గుండెపోటు, షుగర్ పడిపోవడం కూడా ఇలాగే కనిపిస్తాయి.

పానిక్ అని డాక్టరు తేల్చాక, మూగిన బంధువులను బయటికి పంపి మీరు పక్కనే ఉండండి. 4 అంకెలు లెక్కపెట్టేంతసేపు ముక్కుతో పీల్చి, 6 లెక్కపెట్టేంతసేపు మెల్లగా వదలమనండి. మీరూ కలిసి చేయండి. "గట్టిగా ఊపిరి పీల్చు" అంటే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ ఇంకా తగ్గి వేళ్ల తిమ్మిర్లు, తల తిరుగుడు ఎక్కువవుతాయి. కాగితం సంచిలో ఊపిరి పీల్చి వదలమనడం మాత్రం వద్దు, ప్రమాదం.

డాక్టరు ఎస్సిటలోప్రామ్ (కంగారు, దిగులు తగ్గించే మందు) రాస్తే గుణం తెలియడానికి వారాలు పడుతుందనీ, మొదట్లో కంగారు కాస్త పెరగొచ్చనీ ముందే చెప్పాలి. లేకపోతే మధ్యలోనే మానేస్తారు. టెలీ మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) నంబరు 14416 చీటీ మీద రాసివ్వండి.